ఫిట్టర్‌దీ కాదు, ఎలక్ట్రీషియన్‌దీ కాదు

వరంగల్ నుంచి,
తెలంగాణ ఉపాధి, శిక్షణ శాఖ డైరెక్టర్ గారికి,



నేను వరంగల్‌లో మెషిన్ల మెయింటెనెన్స్ చేసి బతికేవాణ్ని. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. గ్రానైట్ కోసే రంపాలు, ప్లేటు కట్ చేసే సీఎన్సీలు, జిన్నింగ్ మిల్లుల ప్రెస్సులు, ఈమధ్య గార్మెంట్ యూనిట్ల కటింగ్ టేబుళ్లు. ఎక్కడ మెషిన్ ఆగితే అక్కడికి సంచి భుజాన వేసుకుని పోతాను. ఈ ఉత్తరం ఒక్క వస్తువు గురించి. దాన్ని మేం డ్రాగ్ చైన్ అంటాం. కదిలే మెషిన్‌కు కరెంటు తీగలనూ, గాలి పైపులనూ, నూనె హోసులనూ మోసుకుంటూ వెనకాలే వంగుతూ, నిటారవుతూ తిరిగే నల్లటి గొలుసు అది. చూడ్డానికి జెర్రిలా ఉంటుంది.

దాని గురించి మీకే ఎందుకు రాస్తున్నానో ముందే చెబుతాను. 2024 జూన్ 18న మల్లేపల్లి ఐటీఐలో ముఖ్యమంత్రి గారు శంకుస్థాపన చేసిన పథకం కింద, రాష్ట్రంలోని 65 ఐటీఐలు టాటా టెక్నాలజీస్ భాగస్వామ్యంతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారే పని మొదలైంది. 2,324 కోట్ల రూపాయల పని. రోబోలు, సీఎన్సీ మెషిన్లు పిల్లల చేతికి వస్తున్నాయి. అడ్వాన్స్‌డ్ సీఎన్సీ మెషినింగ్, ఇండస్ట్రియల్ రోబోటిక్స్ లాంటి కోర్సులు పేదింటి పిల్లలకు అందుతున్నాయంటే మా తరానికి అది కల. ఆ సంతోషంతోనే రాస్తున్నాను. ఆ మెషిన్లలో దాదాపు ప్రతిదానికీ ఒక డ్రాగ్ చైన్ ఉంటుంది. మెషిన్‌లో మొదట ముసలిదయ్యే భాగం కూడా తరచూ అదే.

నాకు ఈ సంగతి బాగా తలకెక్కిన రోజు ఒకటుంది.

ఊరి పొలిమేరలో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డు. ఆరు మీటర్లు నడిచే ప్లాస్మా కటింగ్ మెషిన్. పట్టాల మీద గ్యాంట్రీ అటూ ఇటూ తిరుగుతూ ఇనుప ప్లేటు కోస్తుంది. ఆ గ్యాంట్రీ నాలుగో మీటరు దగ్గరికి రాగానే, మోటారు ఎంత తిరిగిందో చెప్పే ఎన్‌కోడర్ అలారం కొట్టి ఆగిపోయేది. పొద్దున పూట బాగానే నడిచేది, మధ్యాహ్నం ఎండ ముదిరాక మొరాయించేది. నేను మొదటి రోజు డ్రైవ్ మీద అనుమానపడ్డాను. తెలిసినవాళ్ల దగ్గర కార్డు తెచ్చి మార్చాను. అలారం పోలేదు. రెండో రోజు మోటారు విప్పి ఎన్‌కోడర్ మార్చాం. పోలేదు. పండగకు ముందు వారం అది. యజమాని ముఖం చూడలేకపోయాను.

మూడో రోజు రాత్రి కరెంటు ఆపి, చైన్‌లోని ఎన్‌కోడర్ కేబుల్ రెండు చివరలకూ మల్టీమీటర్ కట్టి బజర్ మోడ్‌లో పెట్టాను. హెల్పర్ పిల్లవాడు గ్యాంట్రీని చేత్తో నెమ్మదిగా తోశాడు. బజర్ మోగుతూనే ఉంది. నాలుగో మీటరు గీత దగ్గర టక్కున ఆగింది. ఒక జానెడు ముందుకు తోస్తే మళ్లీ మోగింది. వెనక్కి లాగితే ఆగింది. అప్పుడు వంపులో ఉన్న లింకులు లెక్కపెట్టాను. ఫిక్స్‌డ్ ఎండ్ నుంచి ముప్పై ఆరోది నడి వంపులో ఉంది. ఆ లింకు మూత తీస్తే లోపల కేబుళ్లన్నీ కలిపి ఒక ప్లాస్టిక్ టై బిగించి ఉంది, కట్టెల మోపు కట్టినట్టు.

కేబుల్ బయటికి తీసి చూస్తే పైతోలుకు గాటు కూడా లేదు. చాకుతో నిలువునా చీల్చాను. లోపలి కోర్లు పేనిన తాడులా మెలికలు పడి ఉన్నాయి. ఒక కోరులో రాగి పోగులు తెగి, చివరలు మొద్దుబారి నల్లబడ్డాయి. నిటారుగా ఉన్నంతసేపు ఆ చివరలు ఒకదానికొకటి ఆనుకుని కరెంటు పారేది. వంపులోకి రాగానే విడిపోయేవి. ఎండకు తోలు మెత్తబడ్డకొద్దీ ఇంకా సులువుగా విడిపోయేవి. గ్యాంట్రీ ఒక మీటరు కదిలితే చైన్‌లో వంపు అర మీటరు జరుగుతుంది. అందుకే మెషిన్ ప్రతి స్థానానికీ చైన్‌లో ఒక స్థానం ఉంటుంది. అలారం ఎప్పుడూ ఒకేచోట వస్తోందంటే ముందు చూడాల్సింది చైన్‌నే. ఈ ఒక్క మాట నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ షెడ్డుకు మూడు రోజుల పని మిగిలేది.

డైరెక్టర్ గారూ, ఆ రాత్రి ఆ చైన్‌ను పూర్తిగా విప్పి కూర్చున్నాక తప్పు ఎక్కడ జరిగిందో ఒక్కొక్కటే బయటపడింది. మెషిన్ కట్టినప్పుడు ఎలక్ట్రీషియన్ కేబుల్ ఎంచుకున్నాడు. ఎన్ని ఆంపియర్లు, ఎన్ని చదరపు మిల్లీమీటర్లు అని లెక్క చూశాడు, అది సరిగ్గానే ఉంది. ఫిట్టర్ చైన్ ఎంచుకున్నాడు. బ్రాకెట్ కింద 200 మి.మీ. జాగా ఉంది కాబట్టి అందులో పట్టే చైన్ తెచ్చాడు. వంపు రేడియస్ 75 మి.మీ. అదీ తన లెక్కలో సరిగ్గానే ఉంది. ఆ కేబుల్ అంత చిన్న వంపులో ఏడాదికి లక్షసార్లు వంగగలదా అని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. అది ఎలక్ట్రీషియన్ పని అని ఫిట్టర్ అనుకున్నాడు, ఫిట్టర్ పని అని ఎలక్ట్రీషియన్ అనుకున్నాడు. ఇద్దరి ట్రేడుల మధ్యలో పడింది ఆ గొలుసు. ఇప్పటికీ నా దగ్గరికి పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు ఎక్కడ చదివినవాళ్లైనా తెలివైనవాళ్లే. ఫిట్టర్ పిల్లవాడికి మైక్రోమీటర్ చదవడం వచ్చు, ఎలక్ట్రీషియన్ పిల్లవాడికి స్టార్టర్ కట్టడం వచ్చు. డ్రాగ్ చైన్ చూపించి ఇది ఎవరిదిరా అంటే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

ఆ ఆరు మీటర్ల మెషిన్‌కు చైన్‌ను మళ్లీ ఎలా లెక్కగట్టానో చెబుతాను. ఇది పదో తరగతి లెక్కే. బోర్డు మీద రాస్తే ఏ పిల్లవాడికైనా అర్థమవుతుంది.

చైన్‌ను పట్టా మధ్యలో బిగిస్తే నడకలో సగం పొడవు చాలు. 6,000లో సగం 3,000 మి.మీ. దానికి వంపు తిరిగే అర్ధవృత్తం కలపాలి. రేడియస్ 150 తీసుకుంటే 3.14ను 150తో గుణించి 471. రెండు చివరలా చెరో లింకు అదనం, లింకు పొడవు 60 కాబట్టి 120. మొత్తం 3,591. అరవై లింకులు, 3,600 మి.మీ. అదే చైన్‌ను పట్టా ఒక చివర బిగిస్తే సగం కాదు, మొత్తం నడక కలపాలి. అప్పుడు 6,591, అంటే 110 లింకులు. చైన్ దాదాపు రెట్టింపు, దానిలో కేబుళ్లూ రెట్టింపు, బరువూ రెట్టింపు. ప్యానెల్ దగ్గరగా ఉందని చివరనే బిగించేస్తుంటారు. కేబుల్‌ను మూడు మీటర్లు నేలమీద పైపులో తీసుకెళ్లి మధ్యలో బిగించడం చాలాచోట్ల చవక, చాలాచోట్ల మేలు.

లోపలి కొలత ఇంకొకటి. ఆ మెషిన్‌కు మోటారు కేబుల్ 12 మి.మీ., ఎన్‌కోడర్ కేబుల్ 9, కంట్రోల్ కేబుల్ 10, రెండు గ్యాస్ హోసులు 16 చొప్పున. కేబుల్‌కు తన మందంలో పదో వంతు, హోసుకు అయిదో వంతు ఖాళీ వదలడం నా పద్ధతి. అలా చూస్తే హోసుకు 19.2 కావాలి, కాబట్టి లోపలి ఎత్తు 25 ఉన్న చైన్. వెడల్పుకు 13.2, 9.9, 11, రెండు 19.2లు కలిపితే 72.5. మధ్యలో నాలుగు సెపరేటర్లు, ఒక్కోటి నాలుగు మి.మీ. అనుకుంటే ఇంకో 16. మొత్తం 88.5. రేపు సెన్సర్ పెడదామంటే దానికీ జాగా ఉండాలి కదా, అందుకని 100 మి.మీ. వెడల్పు తీసుకున్నాం. చైన్ కడుపు నిండా కుక్కడం మా దగ్గర పెద్ద జబ్బు. పట్టింది కదా అని ఒకటి దూరుస్తారు, ఆర్నెల్లకు ఇంకొకటి. ఒకదాని మీద ఒకటి ఎక్కిన కేబుళ్లు వంపులో జరగలేక ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి.

ఇక ఎత్తు. రేడియస్ 150 అంటే వంపు కింద నుంచి పైదాకా 300, చైన్ బయటి మందం 35 కలిపితే 335. కొత్త చైన్ మొదట్లో కొంచెం పైకి ఉబ్బి ఉంటుంది కాబట్టి 350కి పైన వదిలాం. ముందున్న 200 జాగాలో అది పట్టదు. అప్పుడేం చేశామంటే, గ్యాంట్రీ పక్కన రెండు యాంగిల్ ముక్కలు వెల్డింగ్ చేసి బ్రాకెట్‌ను బయటికి జరిపాం. అరపూట పని. ఆ అరపూట పని మొదటే చేసి ఉంటే ఇంత అయ్యేది కాదు. జాగాను బట్టి రేడియస్ ఎంచుకోకూడదు, రేడియస్‌ను బట్టి జాగా చేసుకోవాలి. నేను పిల్లలకు మొదట నేర్పేది ఇదే.

ఆ రేడియస్ ఎక్కణ్నుంచి వస్తుంది? చైన్‌లో పోయే వాటిలో అన్నిటికంటే ఎక్కువగా వంగనన్న వస్తువు నుంచి. చైన్‌లో తిరగడానికే చేసిన కేబుల్‌కు దాని మందానికి ఏడున్నర రెట్ల నుంచి పది రెట్ల దాకా రేడియస్ కావాలంటారు. 12 మి.మీ. కేబుల్‌కు పది రెట్లు 120, అందుకే 150 పెట్టాను. హైడ్రాలిక్ హోసు ఉంటే లెక్క మారిపోతుంది. అరంగుళం వైర్ బ్రెయిడ్ హోసుకు 180 మి.మీ. కంటే తక్కువ వంపు పనికిరాదు. దానితో పాటు పది సన్న కేబుళ్లు ఉన్నా సరే, మొత్తం చైన్ రేడియస్ ఆ ఒక్క హోసు మాటే వినాలి.

హోసుకు ఇంకో గుణం ఉంది, అది తెలియక చాలామంది దెబ్బతింటారు. ప్రెషర్ ఎక్కితే దాని పొడవు మారుతుంది. రెండు శాతం దాకా సాగవచ్చు, నాలుగు శాతం దాకా కుంచించుకుపోవచ్చు. చైన్‌లో నాలుగు మీటర్ల హోసు ఉందంటే నాలుగు శాతమంటే 160 మి.మీ., అంటే ముప్పాతిక జానెడు. రెండు చివరలా బిగదీసి క్లాంపు వేస్తే ప్రెషర్ వచ్చిన ప్రతిసారీ హోసు చైన్ లోపలి గోడకు తాడులా అతుక్కుని రాసుకుంటుంది. ఒక జిన్నింగ్ మిల్లు ప్రెస్సులో అలా రాసుకుని అరిగిన హోసు నుంచి నూనె చిమ్మడం కళ్లారా చూశాను. దూది గుట్టల మధ్య వేడి నూనె. ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు. అప్పటి నుంచి హోసులకు సాగడానికీ, కుంచించుకోవడానికీ జాగా వదలకుండా నేను బిగించను. కేబుల్‌కు మాత్రం రెండు చివరలా క్లాంపు తప్పనిసరి, లేకపోతే అది నెమ్మదిగా పాకుతూ ఒక చివర గుట్టపడుతుంది.

కేబుల్ సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన బజారులో ఇదే పెద్ద చిక్కు. "ఫ్లెక్సిబుల్" అని రాసి ఉంటే చాలనుకుని ఇంటి వైరింగు షాపులో కేబుల్ తెచ్చి చైన్‌లో వేస్తారు. మన ప్రమాణాల్లో రాగి పోగుల సన్నదనాన్ని బట్టి తరగతులు ఉన్నాయి. 1.5 చదరపు మి.మీ. కోరు తీసుకుంటే అయిదో తరగతిలో ఒక్కో పోగు 0.26 మి.మీ. దాకా ఉండవచ్చు, ఆరో తరగతిలో 0.16 మించకూడదు. పోగు సన్నగా ఉన్నకొద్దీ ఎక్కువసార్లు వంగుతుంది. కానీ పోగు ఒక్కటే సరిపోదు. లోపల కోర్లు ఎలా పేనారు, పైతోలు పీవీసీనా పాలియురెథేనా, కోర్ల మధ్య నింపింది ఏమిటి అన్నవన్నీ కలిస్తేనే ఒక కేబుల్ లక్షల వంపులు తట్టుకుంటుంది. లక్షలు అన్నది మాటవరసకు కాదు. నిమిషానికి ఒక్కసారి పోయి వచ్చే మెషిన్ ఎనిమిది గంటల షిఫ్టులో 480 సార్లు తిరుగుతుంది. ఏడాదికి 300 రోజులంటే 1,44,000. అయిదేళ్లకు ఏడు లక్షల ఇరవై వేలు. గోడలో పాతిపెట్టే వైరు బతుకంతా ఒక్కసారి వంగుతుంది. దాన్ని తెచ్చి ఇక్కడ వేసి మెషిన్‌ది తప్పంటే ఎలా?

మా కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లకు ఈ సంగతి చెబితే వెంటనే పట్టుకున్నారు. వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ నేత వాళ్లది. నూలు ఒకేచోట రాపిడి తింటే తెగుతుందని వాళ్ల చేతి వేళ్లకు తెలుసు. కండె తిరుగుతూ నూలు విప్పుకుంటే మెలిక పడదు, కండె కొస నుంచి లాగితే ప్రతి చుట్టుకూ ఒక మెలిక ఎక్కుతుందనీ తెలుసు. కేబుల్ డ్రమ్ముదీ అదే కథ. డ్రమ్మును నేల మీద పడుకోబెట్టి చుట్టలు చుట్టలుగా పైనుంచి లాగితే చుట్టకొక మెలిక లోపలే ఉండిపోతుంది. ఆ మెలికే తర్వాత చైన్‌లో పాములా పైకి లేస్తుంది. డ్రమ్మును ఇరుసు మీద పెట్టి తిప్పుతూ విప్పాలి, కుదిరితే ఒక రాత్రి వేలాడదీసి నిటారు కానివ్వాలి. నేను ఈ ముక్కను పుస్తకంలో కంటే ముందు ఒక పెద్దాయన మగ్గం దగ్గర నేర్చుకున్నాను.

ఎవరి ఊహ ఈ గొలుసు? జర్మనీలో గిల్బర్ట్ వానింగర్ అనే ఇంజనీరు 1953లో మొదటిది కనిపెట్టాడు, ఇనుముతో. అంతకుముందు కదిలే మెషిన్లకు తీగలు వేలాడుతూ, నేల మీద ఈడ్చుకుంటూ ఉండేవి. ప్లాస్టిక్ చైన్ తర్వాత వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా దొరికేవి నైలాన్‌వే. తేలిక, తుప్పు పట్టదు, చప్పుడు తక్కువ. అయినా ప్రతిచోటా నైలాన్ సరిపోదు. ప్లాస్మా కటింగ్ దగ్గర నిప్పురవ్వ పడితే లింకు కరిగి రంధ్రం పడుతుంది, అక్కడ మూసి ఉన్న చైనో, ఇనుప చైనో, కనీసం పైన ఒక రేకు కప్పో కావాలి. లేత్ దగ్గర కాలిన ఇనుప పొట్టు లింకుల మధ్య ఇరుక్కుంటుంది, అక్కడా మూసిన చైనే. గ్రానైట్ రంపం దగ్గర రాతి బురద పిన్నుల్లోకి పోయి ఆకురాయిలా అరగదీస్తుంది. ఇనుము అక్కడ తుప్పు పడుతుంది. నైలాన్ వేసి రోజూ పొద్దుపోయాక నీళ్లతో కడగాలి, అంతకంటే మందు నాకు తెలియదు. దూది ఎగిరే చోట తెరిచిన చైన్‌లో పిచ్చుక గూడు కట్టినట్టు పోగవుతుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద మా ఊరి ఎండ ఎంతుంటుందో మీకు తెలుసు. చైన్ తట్టుకుంటుంది, మామూలు పీవీసీ కేబుల్ మెత్తబడి పక్కదానికి అంటుకుంటుంది.

బరువు మాట కూడా చెప్పాలి. పైనున్న చైన్ కింద ఏ ఆధారం లేకుండా గాలిలో నిలబడేది కొంత పొడవు దాకానే. తయారీదారు ఇచ్చే గ్రాఫులో ఒకవైపు మీటరుకు ఎన్ని కిలోలు, ఇంకోవైపు ఎన్ని మీటర్లు అని ఉంటుంది. ఒక్కో కేబుల్ మీటరు ముక్క తూచి కలిపితే చాలు, ఆ గ్రాఫులో మన చుక్క గీత లోపల ఉందో బయట ఉందో తెలిసిపోతుంది. హోసును మాత్రం నూనెతోనో నీళ్లతోనో నింపి తూచాలి, ఖాళీది తూచి మోసపోయినవాళ్లను చూశాను. గీత దాటితే మధ్యలో ఆనిక ఇవ్వాలి, లేదా ఇంకా బలమైన చైన్ వేయాలి. నడక ఇంకా పొడవైతే పై వరుస కింది వరుస మీదే జారుతూ నడిచేలా రేకు కాలువ కట్టాలి. బరువైనవి రెండు అంచులకు, తేలికవి మధ్యకు సర్దాలి, లేకపోతే చైన్ ఒకవైపు ఒరుగుతుంది. మోటారు కేబుల్‌నూ ఎన్‌కోడర్ కేబుల్‌నూ పక్కపక్కన పెట్టకూడదు.

ఇదంతా మా ఊరికి ఇప్పుడు ఎందుకు అవసరమంటారేమో. 1934లో మొదలైన అజంజాహి మిల్లు మూతబడ్డాక వరంగల్ చాలా ఏళ్లు పెద్ద మెషిన్ల చప్పుడు వినలేదు. ఇప్పుడు రోజులు మారుతున్నాయి. గీసుకొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబర్ 22న శంకుస్థాపన జరిగింది. కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కు 2023 జూలై 8న ప్రధాని గారు శంకుస్థాపన చేశారు. బట్టల ఫ్యాక్టరీలో బట్ట పరిచే మెషిన్ పొడవాటి టేబుల్ మీద అటూ ఇటూ నడుస్తుంది, కోసే తల రోజంతా తిరుగుతుంది. స్పిన్నింగ్ మిల్లులో బేళ్ల వరుస మీద దూది పీకే మెషిన్ పట్టాల మీద నడుస్తుంది. వ్యాగన్లు కట్టే ఏ ఫ్యాక్టరీలోనైనా వెల్డింగ్ గ్యాంట్రీలు ఉంటాయి. వీటన్నిటి వెనకాల ఈ జెర్రి లాంటి గొలుసు నడుస్తుంది. అది తెగిన రోజు పుణె నుంచో బెంగళూరు నుంచో మనిషి రావాలంటే రెండు రోజులు. మన పిల్లలు పక్కనే ఉండి చేతులు కట్టుకుని చూడాల్సిన అవసరం ఏముంది?

అందుకని మిమ్మల్ని అడిగేది పెద్ద ఖర్చు కాదు. సిలబస్ కేంద్రం తయారుచేస్తుందని నాకు తెలుసు, దాన్ని మార్చమనడం లేదు. ప్రాక్టికల్ గంటల్లోంచి ఒక్క రోజు ఇప్పించండి. ఆ రోజు ఫిట్టర్ పిల్లలూ ఎలక్ట్రీషియన్ పిల్లలూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి, ఇద్దరికొక చైన్. ఫిట్టర్ పిల్లవాడు కేబుల్ కొలవాలి, ఎలక్ట్రీషియన్ పిల్లవాడు రేడియస్ లెక్కగట్టాలి. తర్వాత చైన్ విప్పి, సర్ది, మళ్లీ మూసి, చేత్తో వందసార్లు నడిపి చూడాలి. లోపల ఒక టై కట్టి నడిపితే ఏమవుతుందో కూడా వాళ్లే చూడాలి. రోబో నేర్చుకునే పిల్లలకు ఇంకో ముక్క చెప్పాలి. రోబో చెయ్యి వంగడమే కాదు, మెలి తిరుగుతుంది కూడా. చైన్‌లో వంగే కేబుల్ మెలితిప్పుడును తట్టుకోదు, దానికి వేరే కేబుల్ ఉంది.

రెండో కోరిక కొత్త మెషిన్ల గురించి. మెషిన్ అప్పగించేటప్పుడు సరఫరాదారు దగ్గర ఒక్క కాగితం తీసుకోమని చెప్పండి. ఏ చైన్, రేడియస్ ఎంత, లింకులెన్ని, ఏ అరలో ఏ కేబుల్, దాని నంబరు ఏమిటి. ఆ కాగితాన్ని తెలుగులో రాయించి, లామినేషన్ చేయించి చైన్ పక్కనే గోడకు అంటించాలి. పదేళ్ల తర్వాత ఆ కేబుల్ మార్చబోయే కుర్రాడు ఇప్పుడు ఆరో తరగతి చదువుతుంటాడు. వాడి చేతికి ఆ కాగితం దొరకాలి.

ఆ ప్లాస్మా మెషిన్‌కు కొత్త చైన్ వేసి ఆరేళ్లయింది. ఒక పిన్ను మార్చాను, అంతే. పాత చైన్‌లో ఆ ముప్పై ఆరో లింకును టైతో సహా కోసి దాచాను. దానితో పాటు చీల్చిన కేబుల్ ముక్కలు, కరిగిన లింకులు, అరిగిన పిన్నులు, రాసుకుపోయిన హోసు ముక్క, ఇరవై రెండేళ్లలో పోగైనవన్నీ ఒక రేకు డబ్బాలో ఉన్నాయి. వరంగల్ ఐటీఐలో ఏ శనివారం రమ్మన్నా ఆ డబ్బాతో వస్తాను. డబ్బులు అక్కర్లేదు. ఒక పొడవాటి బల్ల, ఒక మల్టీమీటరు, రెండు ట్రేడుల పిల్లలు ఉంటే చాలు.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
ఒక మెయింటెనెన్స్ మెకానిక్,
వరంగల్